షాపులో మూడు పాత కంప్యూటర్లు: విండోస్ తీసేసి లినక్స్ వేస్తే పని నడుస్తుందా?

గాజువాకలో మీ నాన్నగారి జెరాక్స్, డీటీపీ (కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు అమర్చే పని) షాపు. అందులో మూడు పాత కంప్యూటర్లు, మూడింటిలోనూ విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తవి కొనే పరిస్థితి లేదు. రిపేరుకి వచ్చే అబ్బాయి విండోస్ క్రాక్ వెర్షన్, అంటే లైసెన్సు లేని దొంగ కాపీ, వేసేస్తానంటున్నాడు. విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటే షాపు నడుస్తుందా, తెలుగు టైపింగ్ ఏమవుతుంది, యాభై ఐదేళ్ల మీ నాన్నగారు కొత్తగా నేర్చుకోగలరా అని అడిగారు.

నేను విశాఖలో పద్దెనిమిదేళ్లు డీటీపీ షాపు నడిపాను. ఇప్పుడు చిన్న ఆఫీసులకీ రెండు స్కూళ్లకీ కంప్యూటర్లు చూసిపెడుతున్నాను. అందుకని మీ షాపులో పొద్దున్నించి రాత్రి దాకా ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. ఆ పనిని దృష్టిలో పెట్టుకునే చెబుతాను.

రెండు కంప్యూటర్లు మార్చొచ్చు. మూడోదాన్ని విండోస్‌లోనే ఉంచండి, డబ్బు పెట్టి కొన్న లైసెన్సుతో. అయితే ముందు మార్చాల్సింది విండోస్‌ని కాదు, మీరు రోజూ వాడే ప్రోగ్రాముల్ని. చాలామంది ఒక ఆదివారం కూర్చుని లినక్స్ వేసేస్తారు. సోమవారం కస్టమర్లు లైన్లో నిలబడ్డాక ఏది ఎక్కడుందో తెలియక టెన్షన్ పడి, బుధవారానికల్లా పాతదే మళ్లీ వేయించుకుంటారు. తప్పు లినక్స్‌ది కాదు, వరుసది.

క్రాక్ మాత్రం వద్దు. మీ షాపుకి జనం ఏం తెస్తారో ఒకసారి తలుచుకోండి. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పిల్లల మార్కుల జాబితాలు, భూమి కాగితాలు. వాట్సాప్‌లో పంపి ప్రింట్ తీయమంటారు. లైసెన్సు ఉందని విండోస్‌ని మోసపుచ్చే ఆ చిన్న క్రాక్ ప్రోగ్రాము నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఎవరు రాశారో, లోపల ఏముందో తెలియనిదాన్ని అలా లోపలికి రానిచ్చిన కంప్యూటర్లోనే ఆ కాగితాలన్నీ పెడతాం. చట్టం సంగతి కూడా చెప్పాలి. దొంగ కాపీ అని తెలిసి వాడితే 1957 నాటి కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, షాపు బోర్డు మీద ఉన్నది నాన్నగారి పేరు కాబట్టి చెబుతున్నాను.

ఈ విషయం మీద నాకెందుకింత పట్టింపో కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. అప్పుడు మా షాపు డాబాగార్డెన్స్‌లో ఉండేది. పైన రేకు లేచిపోయి నీళ్లు నేరుగా మెయిన్ సిస్టం మీద పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కొన్ని రోజుల తర్వాత హార్డ్ డిస్క్ ఆరబెట్టి వేరే కంప్యూటర్‌కి పెడితే, దేవుడి దయవల్ల ఫైళ్లన్నీ కనిపించాయి. పదకొండేళ్ల పని. శుభలేఖలు, గుడి కరపత్రాలు, స్కూలు సంచికలు, ఒక రిటైర్డ్ మాస్టారి పద్యాల పుస్తకం. కానీ అవి తెరుచుకోవాలంటే, వాటిని చేసిన తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేరుకి తాళంచెవిలా కంప్యూటర్ వెనక గుచ్చే డాంగిల్ కావాలి. అది ఉప్పునీటిలో తుప్పు పట్టిపోయింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆ వెర్షన్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. అది కొన్నా పాత ఫైళ్లు సరిగ్గా రాలేదు. అక్షరాల స్థానంలో అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు. ఆ మాస్టారి పద్యాలు ప్రింటు కాపీ చూసి మళ్లీ మొదటినుంచి టైప్ చేశాను.

అదే హార్డ్ డిస్క్‌లో ఒక్క స్కూలు సంచిక మాత్రం లిబ్రేఆఫీస్‌లో (వర్డ్, ఎక్సెల్ పనులకి వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్), యూనికోడ్ తెలుగులో చేసినది ఉంది. అది మా బావమరిది లాప్‌టాప్‌లో ఆ రోజే తెరుచుకుంది. ఒత్తు పోలేదు, దీర్ఘం పోలేదు. ఫైలు నా దగ్గరే ఉండి, తెరిచే హక్కు ఇంకొకరి దగ్గర ఉంటే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది.

లిబ్రేఆఫీస్, లినక్స్ లాంటివాటిని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటారు. ఇంగ్లిష్‌లో ఫ్రీ అనే ఒక్క మాటకి రెండు అర్థాలు ఉండడం వల్ల వాళ్లకి గందరగోళం. మనకి ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే దేనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవచ్చు, కాపీ తీసి పక్కవాళ్లకి ఇవ్వొచ్చు, మార్చినదాన్ని కూడా పంచొచ్చు. మీకు నచ్చే విషయం ఒకటి చెప్పనా? ఈ ఆలోచన పుట్టడం వెనక ఒక పేపర్ జామ్ ఉంది. అమెరికాలో ఎంఐటీ ల్యాబ్‌లో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్, పాత ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే ప్రింటు కోసం ఎదురుచూస్తున్నవాళ్లందరికీ సందేశం వెళ్లేలా దాని ప్రోగ్రాము మార్చుకున్నాడు. తర్వాత జెరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. మార్చుకోవడానికి కావలసిన దాని ప్రోగ్రాము మూలం (సోర్స్ కోడ్) ఇవ్వలేదు. అది ఉన్న ఇంకో యూనివర్సిటీ ఉద్యోగిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాను అన్నాడు. 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం తయారుచేయడానికి గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి వెనకున్న అనుభవాల్లో అదొకటి. 1991లో ఫిన్‌లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టంలో అసలు గుండెకాయ) దానికి తోడైంది. రోజుకి పదిసార్లు పేపర్ జామ్ తీసే మనకి స్టాల్‌మన్ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇక పని. మొదటి నెల విండోస్ మీదే ఉండండి. అదే కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ (ఇంటర్నెట్‌కి), లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ (వీడియోలకి), గింప్ (ఫోటోలకి), ఇంక్‌స్కేప్ (డిజైన్లకి) వేసుకోండి. ఇవన్నీ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. నాన్నగారి చెయ్యి వీటికి అలవాటు పడ్డాక కింద విండోస్ ఉందా లినక్స్ ఉందా అన్నది ఆయనకి పెద్దగా తేడా తెలియదు.

లినక్స్‌కి మారాక లిబ్రేఆఫీస్‌లో మీకు మొదటి రోజే ఎదురయ్యే చిక్కు రెజ్యూమేలు. కస్టమర్ వర్డ్‌లో చేసి తెచ్చిన ఒక పేజీ రెజ్యూమే మీ దగ్గర ఒకటిన్నర పేజీ అవుతుంది. సాఫ్ట్‌వేర్ చెడ్డదని అనుకుంటారు. అసలు కారణం ఫాంటు. క్యాలిబ్రి, క్యాంబ్రియా ఫాంట్లు లినక్స్‌లో ఉండవు. వాటికి బదులు అక్షరాల వెడల్పు సరిగ్గా అంతే ఉండేలా చేసిన కార్లిటో, కాలడియా ఉన్నాయి. టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్ బదులు లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి. ఇవి వేసి ఉంటే లైన్లు చాలావరకు ఎక్కడివక్కడే ఉంటాయి. లినక్స్ వేశాక ఇవి ఉన్నాయో లేదో చూసుకోవడం మర్చిపోకండి. ఎక్సెల్ మాక్రోలు (ఫైల్లోనే రాసి ఉంచే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఫైళ్లు మాత్రం అన్నీ నడవవు. అలాంటివి మూడో కంప్యూటర్‌లో తెరవండి.

పాస్‌పోర్ట్ ఫోటోలకి గింప్ సరిపోతుంది. 300 డీపీఐలో 4×6 అంగుళాల కాగితం అంటే 1800×1200 పిక్సెళ్లు. 35×45 మిల్లీమీటర్ల ఫోటో ఒక్కోటి 413×531 పిక్సెళ్లు. అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం ఎనిమిది పడతాయి. ఒకసారి కొలతలతో ఖాళీ ఫైలు చేసి పెట్టుకుంటే తర్వాత ఫోటో మార్చుకుంటూ పోవడమే. ఆన్‌లైన్ అప్లికేషన్లలో ఫోటో 50 కేబీ లోపు ఉండాలి అంటారు కదా, గింప్‌లో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ టిక్ పెట్టండి. క్వాలిటీ తగ్గిస్తూ ఉంటే సైజు ఎంతకి వచ్చిందో అక్కడే కనిపిస్తుంది. ఎవరెవరివో తెలియని సైట్లలో కస్టమర్ల ఫోటోలు అప్‌లోడ్ చేసి సైజు తగ్గించే అలవాటు దీనితో మానేయొచ్చు. స్కాన్ చేసిన పేజీలు అటూ ఇటూ మార్చడానికి, కలపడానికి పీడీఎఫ్ అరేంజర్ ఉంది. తెలుగు స్కాన్ నుంచి అక్షరాలు రాబట్టాలంటే టెసరాక్ట్ అనే ప్రోగ్రాముకి తెలుగు వస్తుంది. ప్రింటు శుభ్రంగా ఉంటే మంచి ఫలితమే ఇస్తుంది, తర్వాత ప్రూఫ్ చూడక తప్పదు.

తెలుగు టైపింగ్ గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు. నిజానికి మీరు ఎక్కువ లాభపడేది ఇక్కడే. పాత డీటీపీ ఫాంట్లలో మనం 'అ' అని కొట్టినప్పుడు కంప్యూటర్ దాచుకునేది 'అ' కాదు, ఏదో ఇంగ్లిష్ అక్షరం. దానికి తెలుగు బొమ్మ తొడిగి చూపించేది ఆ ఫాంటు. ఫాంటు పోతే భాషే పోతుంది. నాకు హుద్‌హుద్ తర్వాత జరిగింది అదే. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఉంది. ఫాంటు మారితే రూపం మారుతుంది గానీ అక్షరం పోదు. వాట్సాప్‌లో పంపినా, గూగుల్‌లో వెతికినా అదే అక్షరం.

నాన్నగారి వేళ్లకి ఏ కీబోర్డు అలవాటో కనుక్కోండి. మన దగ్గర డీటీపీ చేసేవాళ్లలో ఆపిల్ లేఅవుట్ (కీల అమరిక) వాళ్లు చాలామంది. లినక్స్‌లో ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతికి ఎం17ఎన్ అనే భాగం కలిపితే తెలుగుకి ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లాంటి లేఅవుట్లు వస్తాయి. ఇరవై ఏళ్ల అలవాటు మార్చుకోమని ఆయన్ని అడగక్కర్లేదు. ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఒక అర్జీ టైప్ చేయించండి. నేను మార్పించిన పెద్దవాళ్లందరిలోనూ చూశాను, తమ వేళ్లు తమకి తెలిసిన చోటే పడుతున్నాయని తెలిసిన క్షణంలో సగం భయం పోతుంది. మీరు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లైతే ఆర్‌టీఎస్ మీకు రెండు రోజుల పని.

ఫాంట్లకీ కొరత లేదు. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి. అర్జీలకి, పుస్తకాలకి మండలి, శీర్షికలకి రామభద్ర. అందులో గురజాడ, గిడుగు పేర్లతోనూ ఫాంట్లున్నాయి. మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లున్న అక్షరాలతో మన ఊరి శుభలేఖ అచ్చువేస్తుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. వీటితో కార్డు చేసి అమ్ముకోవచ్చు, ఎవరికీ రుసుం కట్టక్కర్లేదు.

శుభలేఖలు, విజిటింగ్ కార్డులు ఇంక్‌స్కేప్‌లో చేయండి. బయట ఫ్లెక్సీ వాళ్లకి పంపేముందు అక్షరాలన్నిటినీ పాత్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి పీడీఎఫ్ ఇవ్వండి, అప్పుడు వాళ్ల దగ్గర ఫాంటు లేకపోయినా చెడదు. మార్చని ఫైలు మీ దగ్గర విడిగా ఉంచుకోండి, లేకపోతే పెళ్లి తేదీ మారినప్పుడు మళ్లీ మొదటినుంచి చేయాలి. ఆఫ్‌సెట్ ప్రెస్సుకి నాలుగు రంగుల ఫైలు కావాలంటే పేజీలు అమర్చే స్క్రైబస్ అనే ప్రోగ్రాము కావాలి. 1.6 వెర్షనో అంతకన్నా కొత్తదో వాడండి. చాలా పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయేవి. నేర్చుకోవడానికి ఇది కాస్త కష్టమే, నెల పట్టిందనుకోండి. పేజీమేకర్‌లో చేయి తిరిగిన నాన్నగారికి మీకన్నా త్వరగా వస్తుంది, పేజీ అమర్చే పద్ధతి దాదాపు అదే కాబట్టి.

నెల గడిచాక లినక్స్. వేసేముందు మన ఊరికి సంబంధించిన ఒక మాట. కంప్యూటర్ నెమ్మదించిందని, ఆన్ కావట్లేదని సాఫ్ట్‌వేర్‌ని తిట్టేముందు మూత తీసి చూడండి. సముద్రపు గాలికి ర్యామ్ అంచులు నల్లబడతాయి. కరెంటు తీసేసి, ర్యామ్ బయటికి లాగి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి. చచ్చిపోయాయని పక్కన పడేసిన కంప్యూటర్లు కొన్ని నా చేతిలో ఇలాగే లేచాయి. డబ్బు పెట్టగలిగితే పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (దానికన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. పాత కంప్యూటర్‌కి అంతకన్నా మంచి ఖర్చు లేదు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, మీకు లినక్స్ మింట్ సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్నవాటికి అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఒక పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే చిన్న ప్రోగ్రాము వేసి, మింట్ ఫైలు అందులో కాపీ చేస్తే చాలు. ఆ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల ఏమీ చెరపకుండానే మింట్ నడుస్తుంది. అప్పుడే ప్రింటర్ నుంచి ఒక పేజీ తీయండి, స్కానర్‌తో ఒకటి స్కాన్ చేయండి, వైఫై, సౌండ్ చూడండి. ఇన్‌స్టాల్ బటన్ నొక్కేది ఇవన్నీ పనిచేశాకే.

ప్రింటర్ దగ్గర జాగ్రత్త. హెచ్‌పీ వాటిలో చాలావరకు లినక్స్‌లో పనిచేస్తాయి, డ్రైవర్ ఆ కంపెనీయే ఇస్తుంది. కొత్తగా వచ్చే నెట్‌వర్క్ ప్రింటర్లలో చాలా వాటికి డ్రైవరే అక్కర్లేదు. కానీ మన షాపుల్లో ఎక్కువగా కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని విండోస్‌తో తప్ప సరిగ్గా మాట్లాడవు. అలాంటిదైతే దాన్ని మూడో కంప్యూటర్‌కి తగిలించి, మిగతా రెండింటి నుంచి పీడీఎఫ్‌లు షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపండి.

లినక్స్‌కి మారాక మీరు మొదట గమనించే తేడా పెన్‌డ్రైవ్‌లలో కనిపిస్తుంది. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి, నా ఫైళ్లు పోయాయని కంగారు పడడం మీరు చూసే ఉంటారు. ఫైళ్లు పోవు, ఆ వైరస్ దాచేస్తుంది. అది విండోస్ కోసం రాసింది కాబట్టి లినక్స్‌లో నడవదు. అసలు ఫైళ్లు సాధారణంగా అక్కడే ఉంటాయి, కనిపించకపోతే దాచిన ఫైళ్లు చూపించు అని నొక్కండి. వాటిని కాపీ చేసి ఇచ్చి, షార్ట్‌కట్లు తీసేయండి. పరీక్ష ముందు రోజు ప్రాజెక్టు రిపోర్టు పోయిందని ఏడుస్తూ వచ్చిన పిల్లకి అది తిరిగి ఇచ్చిన రోజు మర్చిపోలేను.

మూడో కంప్యూటర్‌ని విండోస్‌లోనే ఎందుకు ఉంచాలంటే, లెక్కలు రాసే ట్యాలీ విండోస్‌ది. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు కూడా ఎక్కువగా విండోస్‌నో ఆండ్రాయిడ్‌నో నమ్ముకుని ఉన్నాయి. లినక్స్‌లో ఎలాగో నడిపించే దారులు కొన్ని ఉన్నా, కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడు వాటితో కుస్తీ పడమని నేను చెప్పను. మూడింటిలో ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరో అంతకన్నా కొత్తదో, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉన్నది ఉంటే దానికి విండోస్ 11 వేయండి.

బ్యాకప్ గురించి పెద్దగా చెప్పను, ఎలాగూ మీకు తెలుసు. సిస్టం కోసం టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాము, ఫైళ్ల కోసం రెండు బయటి డిస్కులు, అందులో ఒకటి ఇంట్లో. కస్టమర్ల కాగితాలు మాత్రం బ్యాకప్‌లోకి పోనివ్వకండి. రాత్రి షట్టర్ దించేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి.

ఇంజనీరింగ్ చదివే చెల్లి గురించి కూడా రాశారు. ఆమె లాప్‌టాప్‌కి లినక్స్ వెంటనే వేయొచ్చు, చదువుకి కావలసిన కంపైలర్లు, పైథాన్ అన్నీ అందులో తేలిగ్గా దొరుకుతాయి. ఇలా ఊరికే తీసుకుంటున్నాం కదా, తిరిగి ఏమివ్వాలని ఆమె అడిగిందని రాశారు. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. డబ్బే ఇవ్వక్కర్లేదు. లిబ్రేఆఫీస్‌లో ఒక తెలుగు మాట తప్పుగా కనిపిస్తే సరిచేసి పంపొచ్చు. అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ వీధుల పేర్లు తెలుగులో చేర్చొచ్చు. 2003 నుంచి ఉన్న తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ చూడండి, రాయాల్సింది ఇంకా ఉంటుంది. మొదట మీ పక్క షాపువాళ్లకి ఒక పెన్‌డ్రైవ్ కాపీ చేసి ఇవ్వండి. ఇది ఇవ్వడం నేరం కాదు, ఇవ్వొచ్చని లైసెన్సే చెబుతుంది.

మీ ప్రింటర్ మోడల్, మూడు కంప్యూటర్ల ప్రాసెసర్, ర్యామ్ వివరాలు, నాన్నగారు వాడే కీబోర్డు లేఅవుట్ పేరు రాయండి, ఏది ఎందులో వేయాలో విడిగా చెబుతాను. పాత పేజీమేకర్ ఫైళ్ల సంగతి మాత్రం దానికోసం ఆపకండి. లిబ్రేఆఫీస్ డ్రా వాటిని కొంతవరకు తెరుస్తుంది గానీ పాత ఫాంట్ల తెలుగు అందులో నిలవదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నా ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. కాబట్టి ఆ పాత సాఫ్ట్‌వేర్ ఇంకా నడుస్తుండగానే, ముఖ్యమైనవన్నీ ఒక్కొక్కటిగా తెరిచి పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. రోజుకి పది చేసినా ఫరవాలేదు, ఈ వారమే మొదలుపెట్టండి.